ఇంటికొక చీటీ

"నీకెలాగూ ఆదివారం ఖాళీయే కదా" అన్నాడు భర్త. అప్పుడామె డాబా మీద తడిబట్టలు ఆరేస్తోంది. నోట్లో రెండు క్లిప్పులు ఉండటంతో జవాబు చెప్పలేకపోయింది. ఆమె జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అనుకోవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటు.

వెళ్ళాల్సింది టౌన్ హాల్లో పెట్టిన పాత రికార్డుల ప్రదర్శనకి. ప్రభుత్వ శాఖలన్నీ బల్లలు వేసుకుని కూర్చుని, ఎవరి వంశం వివరాలు వాళ్ళు వెతుక్కోవడానికి సాయం చేస్తాయట. మామగారికి వచ్చే వారం ఎనభై ఏళ్ళు నిండుతున్నాయి. ఆ రోజు గోడకి తగిలించడానికి వంశవృక్షం తయారవుతోంది. తయారవుతోంది అంటే ఆమె తయారు చేస్తోంది. నాలుగు నెలలుగా ఆఫీసు నుంచి రాగానే ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఎన్నడూ చూడని బంధువుల పుట్టినరోజులు అడిగి రాసుకుంది. అడుగున 'కూర్పు' అని తన కొడుకు పేరు వేయించమని మామగారే చెప్పారు. "వాడి పేరైతే నిండుగా ఉంటుందమ్మా" అన్నారు. ఇక మిగిలింది అన్నిటికన్నా పైనున్న గడి, భర్త ముత్తాతది.

అత్తగారు తనూ వస్తానంది. ఎందుకో చెప్పలేదు. పెళ్ళిళ్ళకి మాత్రమే బయటికి తీసే చేతిసంచీ పట్టుకుని, అందరికన్నా ముందే గుమ్మంలో నిలబడింది.

హాలు కిటకిటలాడిపోతోంది. జననమరణాల బల్ల దగ్గర, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకున్న రికార్డు ఆఫీసరమ్మ చీటీలు పంచుతూ పొద్దుటి నుంచీ అదే పాట పాడుతోంది. "ఇంటికొక చీటీ, చీటీకొక పేరు. కాగితాలు పొడైపోతున్నాయండీ. రేపట్నుంచి ఇవి మరమ్మత్తుకి పోతాయి, మళ్ళీ ఎప్పటికొస్తాయో నాకే తెలీదు."

వరసలో నిలబడి, ముందున్నాయన వీపుకేసి చూస్తూ అత్తగారు మెల్లగా అంది. "మా అమ్మది కూడా ఉంటుందంటావా?"

ఇరవై రెండేళ్ళలో ఆవిడ తన కోసమని ఒక్క మాట అడగడం కోడలు ఎరగదు. ఆవిడకి ఆరో ఏటే తల్లి పోయింది. ఫోటో కూడా లేదు. ఉన్నదల్లా తండ్రి చెప్పిన రెండు ముక్కలు. 'మీ అమ్మకి అక్షరమ్ముక్క రాదు. నువ్వు పుట్టాక నెల్లాళ్ళు మంచం దిగలేదు, అన్నీ నేనే చూసుకున్నాను.' ఐదో తరగతిలో లెక్కలు తప్పినప్పుడు, 'ఆ తల్లి కూతురేగా, దీనికి చదువేం అబ్బుతుంది' అని బడి మాన్పించింది కూడా ఆయనే. ఈ సంగతి అత్తగారు ఎప్పుడూ నవ్వుతూనే చెప్పేది. మామగారు బ్యాంకు కాగితాలు ముందు పెట్టి, 'నీకర్థం కాదులే, ఇక్కడో సంతకం పడెయ్' అన్నప్పుడూ అలాగే నవ్వేది. ఎందుకలా పడి ఉంటుందీవిడ అని కొత్తలో కోడలికి ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత తన మొహం మీదికీ అదే నవ్వు వచ్చి కూర్చుంది. తను రాసిన నివేదికను పై అధికారి తన సొంతంలా చదివి వినిపిస్తుంటే, అందరితో పాటు చప్పట్లు కొడుతూ ఆమె నవ్వేది ఆ నవ్వే.

ఆమె చేతిలో చీటీ పడింది. ముత్తాత ఎప్పుడు పుడితే ఎవరికి కావాలి? కానీ ఇంటికెళ్ళాక ఎన్ని మాటలు పడాలో, ఎన్ని రోజులు పడాలో ఆమెకి బాగా తెలుసు. అయినా చీటీ మీద అత్తగారి తల్లి పేరు రాసి ఇచ్చేసింది.

"అయ్యో, వద్దే. వాడేమంటాడో" అంది అత్తగారు.

ఆ వాడే ఫోను చేశాడు. "దొరికిందా?"

"వెతకలేదండీ. చీటీ మీ అమ్మమ్మకి వాడాను."

"ఏం మాట్లాడుతున్నావ్? మరి పై గడి?"

"ఖాళీగా ఉండనివ్వండి" అని ఫోను పెట్టేసింది. తన గొంతు అంత మామూలుగా పలికినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

అరగంటకి ఆఫీసరమ్మ రిజిస్టరును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా మోసుకొచ్చింది. ఆ పేరు తల్లిగా నమోదైన పేజీ, అంటే అత్తగారు పుట్టిన పేజీ తెరిచి, కళ్ళజోడు కిందికి దించి, చివరి గడి చూపించింది. "ఇక్కడ, పుట్టుక తెలియజేసినవారు అన్నచోట, మామూలుగా తండ్రి సంతకం ఉంటుందండీ. ఇలాంటిది నేను ఇంతవరకూ చూళ్ళేదు."

తల్లి సంతకం. గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు, ఎక్కడా తడబాటు లేదు. తేదీ చూస్తే బిడ్డ పుట్టిన పదకొండో రోజు. పక్కన అప్పటి గుమాస్తా రాసిన ముక్క: తండ్రి ఊళ్ళో లేరు, తల్లి స్వయంగా బిడ్డతో వచ్చి చెప్పినది.

అత్తగారు ఆ పేజీని ముట్టుకోలేదు. గాలిలోనే వేలుతో ఆ సంతకాన్ని ఒకసారి దిద్దింది. ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు, "అయితే నేను మొద్దునేం కాదన్నమాట" అంది.

కోడలికి దుఃఖం ముంచుకొచ్చింది. ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా వెయ్యలేదు. ఆ భుజం ఎంత చిన్నదో ఇప్పుడే తెలిసింది.

నకలు కావాలంటే ఒక ఫారం నింపాలంది ఆఫీసరమ్మ. కోడలు అలవాటుగా పెన్ను తీసింది. అత్తగారు ఆ పెన్ను అందుకుంది.

"నేను రాస్తాను. ఆలస్యమవుతుంది. కూర్చుంటావా?"

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. యాభై ఏళ్ళుగా ఏ కాగితంలో చూసినా ఆవిడ ఫలానా వారి భార్యే. ఒక్కో అక్షరమే పేరుస్తూ తల్లి పేరు రాసింది. 'సంబంధం' అన్న గడి దగ్గర ఆగింది. అక్కడ ఒక్క మాట రాస్తే సరిపోతుంది. ఆవిడ ఆ గడి దాటి, అంచు దాకా రాసింది: 'నేను ఆమె కూతుర్ని.'

ఆఫీసరమ్మ చదివి, ఏమీ దిద్దకుండా ముద్ర వేసింది.