రౌతా వారి ద్వారపాలకుడు

సహకోస్కి పట్టణ జనాభా పదకొండు వేలు. అందులో రౌతా మంచు హాకీ జట్టు గోలు కొట్టినప్పుడు చప్పట్లు చరిచే హక్కు లేనివాడు ఒక్కడే. ఆ ఒక్కడి పేరు తౌనో రెకోలా. ఆ పదకొండు వేల మందిలో జట్టును అతడంతగా ప్రేమించినవాడు మరొకడు లేడన్నదీ నిజమే గనుక, విధికి హాస్యప్రియత్వం లేదని ఎవరూ అనజాలరు.

వృత్తిరీత్యా తౌనో రంపపు మిల్లులో దుంగలు కొలిచే మనిషి. చెట్లమ్మిన రైతుకూ, కొన్న మిల్లుకూ నడుమ నిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా అంకె చెప్పడం అతని పని. ఆ అంకెను రైతు కాదనడు, మిల్లూ కాదనదు. అటువంటి మనిషిని ఏ ఊరూ ఊరకే వదిలిపెట్టదు. ఇరవై రెండేళ్ల క్రితం క్లబ్బు పెద్దలు అతని ఇంటికి వచ్చి, మూడేసి కప్పుల కాఫీ తాగి, వాతావరణం గురించి గంటసేపు మాట్లాడి, వెళ్లబోతూ గుమ్మంలో నిలబడి పెనాల్టీ బాక్సు తలుపును అతనికి అప్పగించారు.

పూర్వకాలపు కోటల్లో ద్వారపాలకుల పని శత్రువును లోపలికి రానీయకపోవడం. తౌనో ఉద్యోగం అంతకన్నా సూక్ష్మమైనది. సొంత వీరుణ్ణి బయటికి పోనీయకపోవడం. మంచు మీద తప్పు చేసిన ఆటగాడు ఆ గాజుగదిలో రెండు నిమిషాలు కూర్చోవాలి. అంతసేపూ అతని జట్టు ఒక మనిషి తక్కువగా పోరాడాలి. గడియారం సున్నాకు రాగానే తౌనో గడియ తీస్తాడు, ఖైదీ ఒక్క దూకున మంచు మీద పడతాడు. ఈ మహాధికారానికి చిహ్నంగా క్లబ్బు అతనికి ఒక నల్లకోటు ప్రసాదించింది. కోటుతోపాటు ఒక నియమం కూడా ప్రసాదించింది: దాన్ని తొడిగినవాడు ఏ పక్షమూ కాడు. అతడు నవ్వరాదు, నిట్టూర్చరాదు, చప్పట్లు అసలే కొట్టరాదు.

తౌనో ఈ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటించాడంటే, జట్టు పరాయి ఊళ్లో ఆడుతున్నప్పుడు ఇంట్లో రేడియో ముందు కూడా ముఖంలో ఒక్క గీత కదలనిచ్చేవాడు కాడు. అలవాటు తప్పుతుందని భయం. అయితే శరీరంలో క్రమశిక్షణకు లొంగని అవయవాలు రెండు మిగిలిపోయాయి. అవి చెవులు. అతని భార్య హెల్వి వంటింట్లో బఠానీ పులుసు కలియబెడుతూ, తలుపు సందులోంచి ఆ చెవులను ఒకసారి చూసి ఆట ఎలా సాగుతున్నదో చెప్పేసేది.

"ఎర్రగా ఉన్నాయి. గెలుస్తున్నామా?"

"చలికి," అనేవాడు తౌనో, పొయ్యి పక్కన కూర్చుని.

ఆ ఏడాది మాత్రం చెవులు ఎర్రబడే అవకాశాలు అరుదుగా వచ్చాయి. సెప్టెంబరులో మొదటి ఆరు ఆటల్లో ఐదు ఓడారు. అక్టోబరులో గోలు కాచే గోలీకి మోకాలు పోయింది. నవంబరులో కొత్త గోలీ వచ్చాడు. అతనికి మోకాళ్లు రెండూ ఉన్నా, ఈ ఆటలో బంతికి బదులుండే రబ్బరు బిళ్ళ వాటి మధ్యనుంచి పోవడానికే ఇష్టపడింది. పై లీగులో ఉన్నవి పది జట్లు. క్రిస్మస్ నాటికి రౌతాకు దిగువన ఒక్క జట్టు మిగిలింది. ముప్పై ఒక్క ఏళ్లుగా పై లీగు నుంచి కిందికి దిగని జట్టు అది. హెల్సింకీ పత్రికలకు సహకోస్కి అనే ఊరొకటి ఉందని తెలియజేసింది అక్కడ తయారయ్యే కాగితమూ కాదు, కలపా కాదు, ఆ జట్టే. అది జారిపోతే ఊరు పటంలో ఉంటుంది గాని ఎవరి నోట్లోనూ ఉండదు.

ఆ శీతకాలమంతా తౌనో గదికి అతిథుల కొరత లేదు. అందరికన్నా తరచుగా వచ్చినవాడు ఆన్సి కుర్కి. మెరుపువేగం, మెరుపుకోపం కలిగిన ఇరవై మూడేళ్ల దాడి ఆటగాడు.

"నేనేం చేశాను బాబాయ్?" అంటూ వచ్చి బల్ల మీద కూలబడేవాడు. "వాడి ముక్కే వచ్చి నా మోచేతికి తగిలింది!"

"ఒకటీ నలభై," అనేవాడు తౌనో గడియారం చూస్తూ.

"ఆ రిఫరీ గుడ్డివాడు. నువ్వు చెప్పు, అది తప్పా?"

"ఒకటీ ముప్పై."

"పిన్నితో కూడా ఇంతేనా నీ కబుర్లు?"

"ఒకటీ ఇరవై ఐదు."

నోరులేని ఈ భక్తిని ఊరు భక్తిగా గుర్తించిందా అంటే, లేదు. శనివారం బజారులో చేపలమ్మే సిర్కా ప్రేక్షకుల్లో నిలబడి చూసే గుంపుకు మహారాణి. ఆమె మెడలో వేలాడే డోలు మోగితేనే గుంపుకు గొంతు వచ్చేది. తన ఎదుట వరుసలో నిలబడ్డ తౌనోను ఆమె ఊరకే పోనిచ్చేది కాదు.

"ఏం తౌనో, మనవాళ్లు గోలు కొట్టినా అలా బిగుసుకుని కూర్చుంటావు. దుంగల్ని కొలిచి కొలిచి నువ్వే దుంగవైపోయావా?"

"అర కిలో చేపలు," అన్నాడు తౌనో.

"నువ్వసలు మా జట్టువాడివేనా అని!"

"శుభ్రం చేసి ఇయ్యి."

వరుసలో అందరూ నవ్వారు. తౌనో నవ్వలేదు. కాని ఆ మాట చేపలతోపాటు సంచీలో పడి ఇంటిదాకా వచ్చింది.

మార్చి వచ్చింది. నలభై నాలుగు ఆటల మహాయజ్ఞం ముగిసేసరికి రౌతా తొమ్మిదో స్థానంలో తేలింది. అంటే కింది లీగు నుంచి పైకి ఎగబాకుతున్న నిస్కాలా జట్టుతో ఐదు ఆటలు. మూడు గెలిచినవారు పై లీగులో, ఓడినవారు కింది లీగులో. నాలుగు ఆటలు అయ్యేసరికి చెరి రెండు. ఐదో ఆట సహకోస్కిలో.

ఆ సాయంత్రం మిల్లు రంపాలు గంట ముందే ఆగాయి. పాస్టరు గారు ఆరాధన సమయం మార్చి, అందుకు కారణం వాతావరణమని చెప్పారు. నాలుగు వేల మంది పట్టే హాలులో ఐదు వేల మంది పట్టారు. అదనంగా ఉన్న వెయ్యి మందిని అగ్నిమాపక శాఖ అధికారి లెక్కించలేదు, ఎందుకంటే ఆయనా డోలు పక్కనే నిలబడి ఉన్నాడు.

మూడో భాగం, స్కోరు రెండు రెండు, ఆట ముగియడానికి ఆరు నిమిషాలు. ఆన్సి కుర్కి ఒక నిస్కాలావాడి స్కేట్లకు తన కర్ర అడ్డం పెట్టి, రెండు నిమిషాల శిక్షతో తౌనో గదిలోకి వచ్చాడు. మొదటిసారిగా, తప్పు తనదేనన్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు.

సహకోస్కికి ఒక ఆచారం ఉంది. మనవాడు బాక్సులో ఉన్నప్పుడు చివరి పది సెకన్లనూ హాలంతా ఒక్క గొంతుతో లెక్కపెడుతుంది, సిర్కా డోలు ఒక్కో అంకెకూ ఒక్కో దెబ్బ వేస్తుంది. ఇరవై రెండేళ్లలో తౌనో ఆ లెక్కను ఏనాడూ చెవిన పెట్టలేదు. జనానికి డోలు, తనకు గడియారం. కాని ఆ రోజు మన గోలీ మంచు మీద అడ్డంగా పడి ఉన్నాడు. నిస్కాలావాళ్లు ఒక షాటు కొట్టారు, అతడు ఆపాడు. మళ్లీ కొట్టారు, మళ్లీ ఆపాడు. తౌనో కళ్లు గడియారాన్ని వదిలి ఆ గోలీ మీదికి పోయాయి. ఇక పనిచేస్తున్నవి చెవులే. డోలు గుండెలాగే తొందరపడింది. "నాలుగు! మూడు! రెండు! ఒకటి!" అని ఐదు వేల మంది ఒకరినొకరు తోసుకుంటూ లెక్కను ముందుకు పరిగెత్తించారు.

"సున్నా!"

తౌనో చేయి గడియ తీసింది. ఆన్సి దూకాడు. తలుపు తెరుచుకున్న క్షణంలో తౌనో తల ఎత్తి గడియారాన్ని చూశాడు. దాని మీద ఇంకా రెండు సెకన్లున్నాయి.

మన డిఫెన్సువాడు గుడ్డిగా కొట్టిన బిళ్ళ గోడకు తగిలి, ఎవరో పిలిచినట్టు ఆన్సి కర్ర ముందుకే వచ్చి పడింది. ముందు నిస్కాలా గోలీ తప్ప నరమానవుడు లేడు. గోలు. మూడు రెండు. హాలు కప్పు లేచిపోతుందేమో అన్నట్టు అరుపు. రిఫరీ లిండ్‌రూస్ చేయి గోలు చూపింది. గడియారం నడిపే మనిషి బిళ్ళనే చూస్తూ తలుపును చూడలేదు. నిస్కాలా కోచ్ తలుపును చూడలేదు. ఆ రెండు సెకన్ల సంగతి భూమ్మీద ఒక్కడికే తెలుసు.

ఆ ఒక్కడి లోపల ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. బయటికి కనిపించినది ఇంతే: అతడు లేచి నిలబడి, పిడికిలితో గాజుగోడను మూడుసార్లు కొట్టాడు.

లిండ్‌రూస్ జారుకుంటూ వచ్చాడు. "ఏంటి?"

"తలుపు ముందే తీశాను."

"ఎంత ముందు?"

"రెండు సెకన్లు."

రిఫరీ గంతులేస్తున్న జనాన్ని చూశాడు, నల్లకోటును చూశాడు. "నువ్వు ఈ ఊరివాడివే కదా?"

"అవును."

"రేపు పొద్దున రొట్టె కొనుక్కోవడానికి బయటికి రావాలి కదయ్యా నువ్వు?"

"రెండు సెకన్లు," అన్నాడు తౌనో, దుంగ చుట్టుకొలత చెప్పినట్టు.

రూలు స్పష్టం. ఆటగాడు బయట ఉండకూడని సమయంలో బయటికొచ్చి కొట్టిన గోలు చెల్లదు. అతడు తిరిగి వచ్చి మిగిలిన శిక్ష కూర్చుని తీరాలి. లిండ్‌రూస్ చేతులు అడ్డంగా ఊపాడు. ఐదు వేల మంది గొంతుల్లో ఆనందం ఏ వేగంతో లేచిందో అదే వేగంతో తిట్టుగా మారింది. ఆవాలపేస్టు పూసిన సాసేజి ఒకటి ఎగిరొచ్చి గాజుకు అతుక్కుని, తౌనో ముఖం ముందునుంచి నిదానంగా జారింది.

"తౌనో!" సిర్కా గొంతు డోలును మించి మోగింది. "నిన్ను తల తీసి ఉప్పులో ఊరేస్తాను!"

ఆన్సి బాక్సులోకి వచ్చాడు. హెల్మెట్ కింద అతని ముఖం కోపంతో కమిలి ఉంది. "రెండు సెకన్లకి కూర్చోనా, నించోనా?"

"కూర్చో."

కూర్చున్నాడు. "గడియారం చూడకుండా ఎలా తీశావు బాబాయ్? నువ్వా?"

"జనం లెక్క విన్నాను," అన్నాడు తౌనో. "వాళ్లతోపాటు లెక్కపెట్టాను. లోపల."

ఆన్సి అతని వంక తిరిగి, పగిలిన పెదవితో నవ్వాడు. "అంటే నువ్వు మావాడివేనన్నమాట! ఆరేళ్లుగా జట్టంతా అనుమానపడుతున్నాం."

రిఫరీ బిళ్ళ వేశాడు. ఒకటి, రెండు. తౌనో, ఈసారి గడియారాన్ని తప్ప లోకంలో దేన్నీ చూడకుండా, తలుపు తీశాడు.

ఆట అదనపు సమయంలోకి పోయింది. అందులో ముందు గోలు కొట్టినవారిదే గెలుపు. తొమ్మిదో నిమిషంలో ఆన్సి గోలు వైపు ఒక షాటు కొట్టాడు. అది లక్ష్యానికి చాలా దూరంగా పోతున్నది. దారిలో యల్మరి టొర్మా ఉన్నాడు: నూట పది కిలోల డిఫెన్సు దుర్గం, ఆ సీజనంతా ఒక్క గోలూ కొట్టనివాడు. నిస్కాలావాడితో పెనుగులాడుతూ అతడు వీపు తిప్పి ఉన్నాడు. బిళ్ళ అతని పిరుదుకు తగిలి, దిశ మార్చుకుని, గౌరవంగా గోలులోకి ప్రవేశించింది. అది ముందే అనుకున్న వ్యూహమని యల్మరి నేటికీ వాదిస్తాడు. ఊరు నేటికీ ఒప్పుకుంటుంది.

రౌతా నిలిచింది. జనం మంచు మీదికి దూకారు. పాస్టరు గారు అగ్నిమాపక శాఖ అధికారిని కౌగలించుకున్నారు. తౌనో తన కుర్చీలో, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా మోపి కూర్చున్నాడు. అవి లేవకుండా.

మర్నాడు తెల్లవారేసరికి ఊరు తన తిట్లను మరచిపోయింది, అంతకన్నా ముఖ్యంగా, ఎవరు తిట్టారో మరచిపోయింది. ఆ రెండు సెకన్లు ఇప్పుడు తౌనోవి కావు, సహకోస్కివి. "మా ఊళ్లో తలుపు కూడా అబద్ధమాడదు," అని సిర్కా పొరుగూరి బేరగాళ్లకు చేపలతో కలిపి తూచి ఇచ్చింది. "దొంగ గోలుతో గెలవడం మాకు చేతకాదమ్మా. ఇంకోటి కొట్టుకుంటాం. పిర్రతోనైనా!" నిస్కాలా క్లబ్బు మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. మిల్లు యజమాని తౌనో చేయి పట్టుకుని, ఏమనాలో తోచక, దుంగల గురించి అడిగాడు.

ఏప్రిల్లో తౌనో నల్లకోటును ఇస్త్రీ చేయించి, క్లబ్బు కార్యదర్శి ఔలిస్ బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటి?" ఔలిస్ కళ్లజోడు తీశాడు. "ఊరంతా నీ పేరే చెప్పుకుంటుంటే!"

"కొలబద్ద వంగింది. వంగినదాంతో దుంగలు కొలవరు."

"రెండు సెకన్లయ్యా! నువ్వే చెప్పావుగా!"

"ఈసారి రెండు. చెప్పగలిగాను. వచ్చేసారి చెప్పకపోతే?"

ఔలిస్ కోటును మడత విప్పి మళ్లీ మడిచాడు. "సరే. కోచ్ వెనక మంచి సీటు ఇస్తాను. మెత్తటిది. నీ పేరు చెక్కిస్తాం."

"వద్దు. నిలబడే వైపు ఇవ్వు."

"సిర్కా దగ్గరా? చెవులు పోతాయి!"

"పోనీ," అన్నాడు తౌనో.

సెప్టెంబరులో మొదటి ఆటకు అతడు గుంపులోకి వచ్చి నిలబడ్డాడు. సిర్కా భుజంతో ఇద్దరిని తోసి అతనికి చోటు చేసింది. రెండో భాగంలో ఆన్సి గోలు కొట్టినప్పుడు తౌనో నోరు తెరిచాడు. ఇరవై రెండేళ్లుగా వాడని యంత్రమది. మొదట వచ్చినది ఎండుచెక్కలో ఇరుక్కున్న రంపం చప్పుడు. ముందు వరుసవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు.

"మళ్లీ అను," అంది సిర్కా. "ఊపిరి పీల్చి."

మళ్లీ అన్నాడు. ఈసారి మంచు మీద ఆన్సి తల తిప్పి చూశాడు.

ఆ ఒక్క గోలే దక్కింది. అవతలివాళ్లు నాలుగు కొట్టారు. చివరికి జనం కోట్లు తొడుక్కుని మెట్లు దిగుతున్నారు, తౌనో ఇంకా అరుస్తూనే ఉన్నాడు, గొంతు బొంగురుపోయి, మెడ నరాలు ఉబ్బి, ఊరి పేరునూ జట్టు పేరునూ కలిపి.

"చాల్లే తౌనో," అంది సిర్కా డోలు దించుతూ. "ఓడిపోయాం పద."

"ఏం ఓడిపోయాం? ఇంకా నిమిషం ఉంది!" అన్నాడు తౌనో, గడియారం వంక చూడకుండానే.

ఉన్నవి పన్నెండు సెకన్లు. సిర్కా చూసింది గాని దిద్దలేదు. డోలు మళ్లీ మెడలో వేసుకుంది.