చచ్చినదాని కండ

ఆల్బీకి అసహ్యమంటే తెలియదని ఊళ్లో పేరు. పురుగు పట్టిన గొర్రె తోకను ఒట్టి చేత్తో శుభ్రం చేసి, ఆ చేతిని ప్యాంటుకు తుడుచుకుని రొట్టె తినేసే మనిషి. అలాంటివాడు ఆ ఉదయం కంచె పట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

మేనకోడలు రోవెనా బోనులోంచి డచెస్‌ని బయటికి తీసింది. అది ఆయన పొలంలో తిరిగే డెవిల్. కుక్కపిల్లంత నల్లటి అడవి జంతువు, కంగారూకి ఉన్నట్టు పొట్టకి సంచి, అందులో నాలుగు పిల్లలు. దాని దవడ మీద ఓ గడ్డ కుళ్లిన టమాటాలా పగిలి కారుతోంది. ఆ కంపుకి ముక్కు పగిలిపోతోంది.

"ఈ రోగం నీ పొలానికి రాలేదన్నావుగా మావయ్యా!" అంది రోవెనా. డెవిళ్ల రోగాలు చూడటమే ఆమె ఉద్యోగం.

"రాలేదే! ఏం పురుగే అది?"

"పురుగూ కాదు, పుట్రా కాదు. ఇంకో డెవిల్."

"మతి పోయిందా నీకు?"

"ఎప్పుడో చచ్చిన ఓ ఆడ డెవిల్ ఒంట్లో కణం ఒకటి చెడింది. తనలాంటిదాన్నే తయారుచేసుకుని రెండుగా చీలింది. ఆ రెండూ నాలుగయ్యాయి, అచ్చు గుద్దినట్టు. అది చచ్చినా ఇవి చావలేదు. కరుచుకున్నప్పుడల్లా ఒకదాని మూతి నుంచి ఇంకోదాని మూతికి ఎక్కుతున్నాయి. ఈ గడ్డ డచెస్ కండ కాదు మావయ్యా, ఆ చచ్చినదాని కండ."

"ఛీ! చచ్చాక కూడా తిండి మీద యావేనా దానికి?"

"సంచిలో పిల్లలూ ఇలాగే కణాలు చీలుతూ పెరుగుతున్నాయి. నువ్వూ నేనూ ఇలాగే పెరిగాం. కాకపోతే మన కణాలకి ఎక్కడ ఆగాలో తెలుసు."

ఆల్బీకి తన ఒంటి మీద తనకే రోత పుట్టింది. ముంజేతి మీది పులిపిరిని చొక్కా చేతితో కప్పేసుకున్నాడు.

"మరి మిగతావాటికి?" అన్నాడు. భార్య పోయాక ఆ ఇంటికి డెవిళ్ల అరుపులే సందడి.

"కరుచుకోకపోతే రాదు. ఒంటరిగా తిరిగే జాతి ఇది. నీ పొలంలోనే ఇలా గుంపు కడుతున్నాయేంటి?"

ఆల్బీ కళ్లు ట్రక్కు వైపు వెళ్లాయి. వెనక తొట్టిలో బండి గుద్ది చచ్చిన వాలబీ అనే చిన్న కంగారూ, తాడు, ఇనప గూటం ఉన్నాయి. రోడ్డు మీద తింటూ డెవిళ్లు బండ్ల కింద పడుతున్నాయని, చచ్చినవాటిని ఏరి తెచ్చి పొలంలో వేసేవాడు. ఒక్కటే లాక్కుపోకుండా నేలలో దిగ్గొట్టిన గూటానికి కట్టేవాడు. అన్నీ చేరి మూతులు కొరుక్కుంటూ తినేవి. వరండాలో టీ తాగుతూ, పెళ్లి విందు పెట్టినవాడిలా మురిసిపోయేవాడు. ఉపకారమట! కొరివితో తల గోక్కోవడం ఇంతకన్నా నయం.

రోవెనా కూడా అటే చూసింది. "మావయ్యా..."

"అనకే. ఏమీ అనకు."

పిల్లల్ని సీసాపాలతో పెంచుతామని చెప్పి ఆమె డచెస్‌ని తీసుకెళ్లింది. అది తిరిగి రాదని ఇద్దరికీ తెలుసు.

ఆల్బీ వాలబీని లోతుగా పాతిపెట్టాడు. పొద్దువాలగానే అలవాటు ప్రకారం డెవిళ్లు వచ్చి, ఒట్టి నేల వాసన చూసి, వరండా వైపు తలెత్తాయి.

"పొండే! ఒకదాని దగ్గరికొకటి చేరకండే!" అని ఏడుస్తూ రాళ్లు విసిరాడు.

అవి పారిపోలేదు. ఇన్నాళ్లూ ఆ చెయ్యి వేసిందల్లా తిండే. రాయి పడ్డచోటికల్లా గుంపుగా ఉరికి, ఒకదాని మూతి ఒకటి కొరకసాగాయి.