నా కూతుర్ని పిలవండమ్మా

కూతురు రశ్మి స్నేహితురాళ్ళకు చిత్రాన్నం వడ్డిస్తూ శశికళ నోరు జారింది. "ఇంకొంచెం పెట్టుకోండమ్మా, యాడికి పోవాల అంత తొందరగా?" అని తెలుగులో అనేసింది. ఆ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. అందులో ఎగతాళి కూడా లేదు. కర్ణాటకలో ఉన్నా చిక్కబళ్ళాపురంలో సగం ఇళ్ళలో వినిపించే మాటే అది. రశ్మి మొహం మాత్రం మాడిపోయింది. వాళ్ళు వెళ్ళాక ఎంగిలి తట్టలు సింకులో పడేస్తూ, "వాళ్ళ ముందర నువ్వు మాట్లాడకుంటే ఏమమ్మా?" అంది కన్నడంలో. సోఫాలో ఫోను చూసుకుంటున్న భర్త ఆనంద్‌కుమార్ తలైనా ఎత్తలేదు. "ఇరవై ఏళ్ళయినా మీ అమ్మకు ఆ పుట్టినూరు సోమేనహళ్ళి వదల్లేదు" అన్నాడు, అదీ కన్నడంలోనే.

శశికళ తట్టలు కడిగింది.

ఆమెకు పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు మునివెంకటమ్మ. శశికళ అనే పేరును ఆమె మొట్టమొదట చూసింది తన పెళ్ళి పత్రికలోనే. పెళ్ళికూతురు ఎవరో అనుకుంది ఒక్క క్షణం. అత్త అంబుజమ్మ నవ్వుతూనే చెప్పింది: "మునివెంకటమ్మా అని పిలిస్తే పనిమనిషిని పిలిచినట్టుంటాదమ్మా. పేటలో ఉండేవాళ్ళం, నలుగురొస్తా పోతా ఉంటారు." అంబుజమ్మదీ తెలుగిల్లే. కోపమొచ్చినా జ్వరమొచ్చినా ఆమె నోట వచ్చేది తెలుగే. కానీ రశ్మి పుట్టగానే, "బిడ్డ దగ్గర మన మాట వద్దు, ఇస్కూల్లో ఎనకబడతాది" అంది. పాలిస్తూ శశికళ జోల ఎత్తుకోబోతే చాలు, అత్త తలుపు దగ్గర నిలబడి దగ్గేది. ఆ దగ్గుకు జోల ఆగిపోయేది. అలా ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి 'మునీ' అని పిలిచేది అమ్మ ఒక్కతే మిగిలింది.

మూడేళ్ళ కిందట ఆస్పత్రిలో, ఆఖరి రోజున, అమ్మ కళ్ళు తెరిచి "మునీ" అంది. కాస్త ఎడంగా ఆనంద్‌కుమార్, రశ్మి నిలబడి ఉన్నారు. ఏం కావాలమ్మా అని అడగబోయిన శశికళ నోట అలవాటు కొద్దీ "ఏనమ్మా, ఏను బేకు?" అని కన్నడం వచ్చింది. అమ్మ ఆమెను పరాయి మనిషిని చూసినట్టు చూసింది. నర్సు అనుకుందేమో. "నా కూతుర్ని పిలవండమ్మా, యాడుందో" అని ఆమెకు మాత్రమే వినబడేట్టు గొణిగింది. "నేనేమ్మా, నేనే" అని తెలుగులో ఎన్నిసార్లు చెప్పినా ఆ కళ్ళు తలుపు వైపే చూస్తూ ఉండిపోయాయి. శశికళ ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. కానీ కుక్కరు దించుతున్నప్పుడు, బస్సు దిగుతున్నప్పుడు, పిల్లల హాజరు వేస్తున్నప్పుడు ఆ మాట వెనకనుంచి వినబడుతుంది. అమ్మ పిలవమంది, తాను ఇంకా పిలవలేదు.

శశికళ అంగనవాడీ టీచరు. ఊరి చివర గులాబీలు పెంచే పాలీహౌసుల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఆమె దగ్గరికే వస్తారు. ఎనిమిది నెలల కిందట ఝిల్లి అనే నాలుగేళ్ళ పిల్ల వచ్చింది. ఆ పేరుకు నోరు తిరగక శశికళ రిజిస్టర్లో జ్యోతి అని రాసుకుంది. పిల్ల తన మాటలో ఏదైనా అడగబోతే శశికళ మెత్తగా ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. అదే మాట కన్నడంలో చెప్పి, పిల్ల తిరిగి అన్నాకే గుడ్డో గ్లాసుడు పాలో ఇచ్చేది. కొట్టలేదు, కసరలేదు. ఇప్పుడా పిల్ల కన్నడ పాటలు గడగడా పాడుతుంది. సూపర్‌వైజరు ప్రమోద మురిసిపోయి, శుక్రవారం వచ్చి వీడియో తీస్తానంది.

బుధవారం మధ్యాహ్నం ఝిల్లి తల్లి సబిత వచ్చింది. చేతుల నిండా ముళ్ళ గీతలు. సగం హిందీ, సగం కన్నడం కలిపి చెప్పింది.

"టీచర్, ఇంట్లో నేను మాట్లాడితే పాప నా నోరు మూస్తుంది." తన అరచెయ్యి తన నోటికే అడ్డం పెట్టుకుని చూపించింది. "ఆట అనుకున్నా. ఊరినుంచి మా అమ్మ ఫోను చేస్తే, ఫోను మీద కూడా చెయ్యి పెడుతుంది."

తిట్టడానికే వచ్చిందనుకుంది శశికళ. తిట్టినా బాగుండేది.

"మీరు బాగా నేర్పుతారంట కదా" అంది సబిత. "నాకూ నేర్పండి. ఆ మాట నాకూ వస్తే నా బిడ్డ నాతో మాట్లాడుతుందేమో."

అమ్మ మాట మళ్ళీ వినబడి శశికళ వెనక్కి తిరిగి చూసింది. గోడ తప్ప ఎవరూ లేరు. "శుక్రవారం రా" అని మాత్రం అనగలిగింది.

శుక్రవారం ప్రమోద వచ్చింది, ఫోనులో తన తల్లితో మాట్లాడుకుంటూనే: "మాత్ర ఏసుకున్న్యావా? సాయంత్రం వస్తాలే మా." ఫోను పెట్టేసి, కెమెరా తెరిచి, కన్నడంలోకి మారింది. "ఏదీ, జ్యోతిని పాడమను."

శశికళ సబితను పిల్లల మధ్య కూర్చోబెట్టింది. "ఈరోజు ఈమె పాడుతుంది మేడమ్."

సబిత బెదురుతూ తమ ఊరి పాట ఎత్తుకుంది. రెండో చరణానికి ఝిల్లి పరుగున వచ్చి తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టి, మెప్పు కోసం టీచరు వైపు చూసింది. శశికళ కింద కూర్చుని, ఆ చిన్న చేతిని తీసి తన చేతిలో పెట్టుకుంది. "పాడనీ, ఝిల్లీ."

"ఇదేంటి శశికళా? పిల్లకు కన్నడం ఎంత వచ్చిందో చూపించమంటే..." అంది ప్రమోద.

"కన్నడం వచ్చింది మేడమ్, చానా బాగా వచ్చింది. అది వచ్చేటప్పుడు పోయిందేందో, దాన్ని ఎతుకుతాండాం." ఆమె నోట వచ్చింది తెలుగు. ఈసారి నోరు జారి కాదు.

"పైవాళ్ళకు నేనేం చెప్పేది?" అంది ప్రమోద, తనూ తెలుగులోనే. అది గమనించుకుని చప్పున కన్నడంలోకి మారి, సోమవారంలోగా సంజాయిషీ రాసివ్వమంది. వీడియో తీయకుండానే వెళ్ళిపోయింది. సబిత పాట పూర్తి చేసింది. ఝిల్లి పాడలేదు, తల్లిని పిలవనూ లేదు. చెయ్యి విడిపించుకోవాలని పెనుగులాడి, పాట అయిపోయేసరికి పెనుగులాట మానింది. అంతే.

సాయంత్రం శశికళ ఇంటికొచ్చేసరికే ఆనంద్‌కుమార్‌కు కబురు అందింది. "ఎవరి పిల్లలో ఏ భాష మాట్లాడితే నీకేం?" అన్నాడు. శశికళ వెళ్ళి బల్ల దగ్గర చదువుకుంటున్న రశ్మి పక్కన కూర్చుంది.

"మీ అవ్వ, మా అమ్మ, ఆఖరి దినం నాతో ఏమనిందో చెప్తా, వింటావా?"

రశ్మి పుస్తకం లోంచి తలెత్తింది. తల్లి కళ్ళు చూసి విసుక్కోలేకపోయింది. "కన్నడంలో చెప్పమ్మా. తెలుగు నాకు సగమే అర్థమవుతుంది."

"సగమైతే సగమే. తెలీనిది అడుగు."

ఆనంద్‌కుమార్ టీవీ శబ్దం పెంచాడు. శశికళ గొంతు పెంచలేదు. కుర్చీ కూతురికి దగ్గరగా జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది.