పేర్రాజు గారి నాలుగువందల ర్యామ్

నేను ఒక ర్యామ్ ముక్కని. పచ్చటి పలక, దాని మీద నల్లటి చిప్పులు, అంచున బంగారు పూత పూసిన పళ్ళు. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ అంకెలూ అక్షరాలూ నా దగ్గర కాసేపు ఆగి వెళతాయి. కరెంటు పోతే అన్నీ మరిచిపోతాను. అందుకు నన్ను తిట్టే మనుషులు కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంటారు, అది వేరే సంగతి. నా వీపు మీది కాగితంలో 400 అని ఉంటుంది. అది నా వేగం. కాస్త గర్వం ఉందనుకోండి, ఉంటే తప్పేమిటి?

ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో పుట్టి, రాజమండ్రిలో ఓ దుకాణం అద్దాల బీరువాలోకి చేరాను. అక్కడికి పాలకొల్లు నుంచి పేర్రాజు గారు వచ్చారు. ఆయన భార్య భ్రమరాంబ గారికి డీటీపీ సెంటరు ఉంది. ఏటా కామేశ్వర సిద్ధాంతి గారి పంచాంగం అక్కడే కంపోజవుతుంది. కొట్టు నిలబడిందే దాని మీద. ఆ ఏడు సిద్ధాంతి గారు పట్టికలు పెంచేసరికి పాత కంప్యూటరు ఫైలు తెరవబోయి, ర్యామ్‌లో చోటు చాలక బిగుసుకుపోతోంది. కొత్తది కొందామంటే ఆవిడ తెలుగు సాఫ్ట్‌వేరు పాతదాంట్లో తప్ప పనిచేయదు. ఉగాది ముంచుకొస్తోంది. పేజీలు అందకపోతే పంచాంగం వీధి చివర కొత్త కొట్టుకి వెళ్ళిపోతుంది.

"మీ ప్రాసెసరు బస్సు స్పీడెంతండి? దానికి తగ్గది ఇస్తాను," అన్నాడు దుకాణదారు. లెక్కలు చేసే ప్రాసెసరుకీ మాకూ మధ్య అంకెలు మోసే దారికి వాళ్ళు పెట్టుకున్న పేరే బస్సు.

"అయ్యన్నీ నాకెందుకండీ? ఉన్నాట్లో బాగా జోరుగా పోయేదివ్వండి," అన్నారు పేర్రాజు గారు.

అలా పాలకొల్లు చేరాను. సిద్ధాంతి గారు మంచి ఘడియ చూసి చెప్పారు, నా వీపున కుంకుమ బొట్టు పెట్టారు. తీరా కూర్చోబెట్టింది ఎవరి పక్కన? దుమ్ము కొట్టుకుపోయి, కాగితం సగం ఊడిన ఓ ముసలి ముక్క పక్కన. పాతాయన అందాం. ఆయన వేగం 266. మా జాతికో దిక్కుమాలిన ఆచారం ఉంది. పక్కపక్కన కూర్చున్నాక ఇద్దరూ నెమ్మదైనవాడి వేగంతోనే నడవాలి.

ఫైలు తెరుచుకుంది. భ్రమరాంబ గారు తెర వైపు చూసి దణ్ణం పెట్టుకుని టైపు మొదలుపెట్టారు. పేర్రాజు గారికి మాత్రం కంప్యూటరు వెలిగినప్పుడల్లా తెర మీద మెరిసే 266 కంట్లో నలుసైపోయింది. ఆవిడ భోజనానికి లేచినప్పుడు పెట్టె విప్పి పాతాయన్ని పీకి సొరుగులో పడేశారు. అయినా 266. ఎందుకంటే ప్రాసెసరు బస్సు వేగమే అంత. దాన్ని ఊరుకోనిస్తారా! కంప్యూటరు లోపలి అమరికలు మార్చే నీలం తెర తెరిచి, దాని అంకె మెట్టు మెట్టుగా పైకి లాగారు.

నిజం చెప్పొద్దూ, నాకు పండగే! ఫ్యాను హోరెత్తింది, పేజీలు ఎగిరెగిరి తెరుచుకున్నాయి. పాపం ప్రాసెసరే తడబడ్డాడు. నేను తొమ్మిది అని ఇస్తే ఏడు అని రాసుకునేవాడు. నేను సరిగ్గానే ఇచ్చాను, ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

సాయంత్రం సిద్ధాంతి గారు ప్రూఫు చూడటానికి వచ్చారు. చూస్తూ చూస్తూ ఆగిపోయారు.

"అమ్మాయ్, దశమి తర్వాత ద్వాదశి వేశావు. నా ఏకాదశి ఏదమ్మా? ఊళ్ళో వాళ్ళు ఉపవాసం ఎప్పుడుండాలి?"

భ్రమరాంబ గారి మొహం పాలిపోయింది. అంకె తప్పు పోనివ్వదని పేరు తెచ్చుకున్న మనిషి. తెర మీద సరిచేసి మళ్ళీ ప్రింటు తీశారు. ఏకాదశి వచ్చింది కానీ, సాయంత్రం రావలసిన రాహుకాలం తెల్లారకముందే వచ్చి కూర్చుంది. సిద్ధాంతి గారు కాగితాలు సంచిలో సర్దుకున్నారు.

"ఏవనుకోకమ్మా. ఈసారికి ఆ కొత్త కొట్టుకి ఇచ్చేస్తాను."

నాకు కూడా అప్పుడు భయమేసింది. కొట్టు మూతపడితే నేనెక్కడికి పోతాను?

భ్రమరాంబ గారు భర్త వైపు తిరిగారు. "ఏవండీ, దీన్నేం చేశారు? నా మీద ఒట్టేసి చెప్పండి."

"ఏం చేశానే? కొంచెం స్పీడు పెంచానంతే. నాలుగొందలదాన్ని కొనుక్కొచ్చి మెల్లగా నడిపించుకుంటే ఏం బాగుంటాది?"

గుమ్మం దాకా వెళ్ళిన సిద్ధాంతి గారు వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. "ఏవయ్యా పేర్రాజూ! చంద్రుడు నెల తిరిగేసరికి చుట్టొచ్చేస్తాడు. శనికి ముప్పై ఏళ్ళు పడతాది. ఆయన్ని వెనకనించి ఎవరైనా తోశారా? ఎవరి నడక వాళ్ళదయ్యా. లెక్క కుదరాలి గానీ."

భ్రమరాంబ గారు పెట్టె విప్పారు. సొరుగులోంచి పాతాయన్ని తీసి, ఆయన పళ్ళు రబ్బరుతో తోమి నా పక్కన కూర్చోబెట్టారు. బస్సు అంకె మళ్ళీ కిందికి దింపారు. దెబ్బతిన్న పేజీ మొత్తం మళ్ళీ కొట్టి రెండుసార్లు ప్రింటు తీశారు. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకున్నారు. అంకె మీద అంకె అతికినట్టు కూర్చుంది.

సిద్ధాంతి గారు సంచిలోంచి కాగితాలు బయటికి తీశారు.

"దీనికి కావాల్సింది చోటండీ, జోరు కాదు," అన్నారు భ్రమరాంబ గారు మొగుడితో. పంచాంగం దక్కినందుకు నాకూ ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ మాటకి మాత్రం ఒళ్ళు మండింది.

కొన్ని ఉగాదులు అలాగే గడిచాయి. తర్వాత కొత్త సాఫ్ట్‌వేరు, కొత్త కంప్యూటరు వచ్చాయి. దాంట్లో మేము పట్టం. పాత పెట్టె తుక్కుకి పోతుంటే పేర్రాజు గారికి నా మీద ప్రేమ చావక, నాకో చిల్లు పెట్టి తన మోపెడ్డు తాళంచెవికి తగిలించుకున్నారు. అదే రింగుకి భ్రమరాంబ గారు పాతాయన్ని కూడా తగిలించారు.

"ఇది నాలుగొందలదండి," అని ఆయన ఇప్పటికీ టీకొట్టు దగ్గర నన్ను చూపిస్తారు. తర్వాత బండి తీస్తారు. కొత్త పంచాంగాల కట్ట ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్న ఆవిడ "నెమ్మదండీ" అంటారు. బండి ముప్పై దాటదు. పాతాయనా నేనూ ఒకరికొకరం తగులుకుంటూ అదే ముప్పైలో వెళుతుంటాం. నాకు బాగానే ఉంది. పేర్రాజు గారికి మాత్రం చెప్పకండి.