వాసనల ఆట

"రేపు మాత్రం గింజలు వెన్నలా ఉడకాలి, తెలిసిందా? మేనేజరు వస్తున్నాడు" అన్నాడు ఆమె భర్త, శనివారం పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ. ఆమె తల ఊపింది. తల ఊపడం పదకొండేళ్ళ అలవాటు, మెడ దానంతట అదే ఆ పని చేసేస్తుంది. ఆయన మెట్లు దిగిపోయాక రాజ్మా గింజలు పళ్ళెంలో పోసుకుని రాళ్ళు ఏరడానికి కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన ఆఫీసువాళ్ళు నలుగురు భోజనానికి వస్తారు. వాళ్ళకు కావలసింది ఆమె చేసే గింజల సూపు. ఉల్లి, వెల్లుల్లి, టమాటాలు, మిరియాలు వేసి, గరిటె నిలబడేంత చిక్కగా, రెండు గంటలు పొయ్యి మీద మగ్గించే సూపు. కుక్కర్లో పెడితే అరగంటలో తేలిపోతుంది. కానీ కుక్కరు సూపు హాస్టలు తిండిలా ఉంటుందని ఆయన తీర్పు. తీర్పు ఆయనది, రెండు గంటలు ఆమెవి. "మా ఆవిడకి లోకజ్ఞానం తక్కువే గానీ, చేతిలో ఏదో ఉందండీ" అని వచ్చినవాళ్ళతో అంటాడు. పొగుడుతూనే ఒక చురక పెట్టడం ఆయనకు బాగా వచ్చు. స్కూలు ఆఫీసులో మూడు వందల మంది పిల్లల రికార్డులు ఒంటిచేత్తో చూసుకునే మనిషికి లోకజ్ఞానం లేదట! ఆమె ఆ మాటకి కూడా నవ్వుతూ బ్రెడ్డు ముక్కలు అందిస్తుంది.

నాలుగు నెలల కిందట ఆమెకు పది రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పోతూపోతూ వాసనలన్నీ ఊడ్చుకుపోయింది. ఉప్పు, పులుపు, కారం నాలుకకు తగులుతాయి, అంతే. కాఫీ వేడినీళ్ళు, సబ్బు జారుడు ముక్క. కూతురు తల మీద ముక్కు ఆనించి పడుకుంటే ఏమీ లేదు. ఆ రోజు మాత్రం దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఆ ఇంట్లో వంట చెయ్యలేని మనిషి ఏమవుతుందో ఆమె కళ్ళారా చూసింది. అత్తగారికి చేతులు వణకడం మొదలై, ఒకరోజు గిన్నె జారి పప్పంతా నేలపాలైంది. "ఇంక నువ్వు వంటింట్లోకి రాకమ్మా, నీతో అయ్యేపని కాదు" అన్నాడు కొడుకు. చూసేవాళ్ళకు అది ప్రేమలాగే ఉంది. ఆ రోజు నుంచి ఆవిడ వెనక గదిలో కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయింది. ఆవిడ ఎదురుగానే ఆవిడ గురించి, ఆవిడ లేనట్టు మాట్లాడుకుంటారు. ఏ కూర వండాలో అడగరు, ఆవిడ చెప్పినా వినరు. నలభై ఏళ్ళు ఆ కుటుంబానికి వండిపెట్టిన మనిషి! ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ పడుతుందేమోనని కోడలి భయం. జ్వరంలో ఆయన అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది: "త్వరగా లేవోయ్, హోటలు తిండి తినలేక చస్తున్నా."

అందుకే దొంగలా వండుతోంది. వెల్లుల్లి వేగిందా అంటే రంగు చూస్తుంది, అడుగంటుతోందా అంటే గరిటెతో గీకి చప్పుడు వింటుంది. తన ఒంటి వాసన తనకు తెలియక రోజుకు రెండుసార్లు స్నానం చేస్తుంది. పాలు విరిగాయో లేదో తెలుసుకోవడానికి ఏడేళ్ళ కూతురితో ఒక ఆట కనిపెట్టింది. "చిట్టీ, కళ్ళు మూసుకో. ఇదేంటో, బాగుందో లేదో చెప్పు చూద్దాం." పిల్ల కళ్ళు మూసుకుని, ముక్కు ఎగబీల్చి, "పాలు! పులిసిపోయాయి!" అని కేకపెట్టేది. "అబ్బ, మళ్ళీ నువ్వే గెలిచావే!" అనేది తల్లి. పిల్ల గంతులేసేది. పిల్ల ముక్కును ఇలా వాడుకుంటున్నందుకు ఆమెకు సిగ్గేసేది. అయినా మర్నాడు మళ్ళీ ఆడించేది.

ఇక అత్తగారు. వెనక గదిలోంచి రోజూ ఒకటే కేక: "అమ్మాయ్, మాడుతోందే! ఎక్కడ పెట్టుకున్నావు ఆలోచన?" ఆ కేక వినగానే ఆమెకు ఒళ్ళు మండేది, పరిగెత్తుకెళ్ళి మంట తగ్గించేది. ముసలావిడ కనిపెట్టేసిందా, కొడుకు చెవిన వేస్తుందా అని హడలిపోయేది. ఆ వారం ఆవిడ కూతురింటికి వెళ్ళింది. హమ్మయ్య, ఒక కాపలా తగ్గిందనుకుంది పిచ్చిది.

ఆదివారం పొద్దున నానిన గింజల నీళ్ళు పారబోసి, పెద్ద గిన్నె నిండా కొత్త నీళ్ళు పోసి పొయ్యెక్కించింది. ఎర్ర గింజలు మొదట పది నిమిషాలైనా తెర్లి తీరాలి, లేకపోతే తిన్నవాళ్ళకు వాంతులు పట్టుకుంటాయి. అందుకని మంట పెద్దదే పెట్టింది. ఆయన బ్రెడ్డు కొని, స్నేహితులను వెంటబెట్టుకొస్తానని వెళ్ళాడు. వెళ్తూ, "నా నీలం చొక్కా ఇస్త్రీ కాలేదేంటి? ఆదివారం కూడా నేనే చెప్పాలా?" అన్నాడు. పిల్ల మెట్ల దగ్గర ఆడుకుంటోంది. నురగ తీసేసి రెండు నిమిషాల్లో వద్దామని ఆమె ముందు గదిలోకి వెళ్ళింది. చొక్కా అయింది, ప్యాంటు కనబడింది. ప్యాంటు అయ్యేసరికి బల్ల మీద గుడ్డ వంకరగా ఉంది. రెండు నిమిషాలు కాస్తా పావుగంట దాటింది. ఆడవాళ్ళ రెండు నిమిషాలు అలాగే సాగుతాయి.

తిరిగొచ్చేసరికి వంటిల్లు నిశ్శబ్దంగా ఉంది. గిన్నె తెర్లడం లేదు. ఎర్రటి నురగ పొంగి, గిన్నె అంచుల వెంట కారి, బర్నరు మీద మడుగు కట్టింది. మంట ఆరిపోయింది. "అయ్యో, సగం ఉడుకే!" అనిపించింది ముందు. టైమెంతైందో, వాళ్ళు ఎక్కడిదాకా వచ్చారో, మేనేజరు ముందు ఆయన మొహం ఎలా మాడిపోతుందో, ఇవన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. గబగబా గుడ్డతో నురగ తుడిచేసి, లైటరు అందుకుని బర్నరు దగ్గర పెట్టింది.

"అమ్మా! ఛీ, గ్యాసు!"

గుమ్మంలో చిట్టి. ముక్కు రెండు వేళ్ళతో గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. "మెట్ల దాకా వస్తోందమ్మా!"

ఆమె బొటనవేలు లైటరు మీద బిగుసుకుపోయింది. నొక్కలేదు. నొక్కలేదని నమ్మకం కుదరడానికి వేలి వంక చూసుకుంది. పొయ్యి మర ఇంకా తిప్పే ఉంది. ఎంతసేపటి నుంచి? లైటరును నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్లను పడుకోబెట్టినట్టు గట్టు మీద పెట్టింది. పొయ్యి కట్టేసింది. సిలిండరు కట్టేసింది. ఫ్యాను స్విచ్చి వైపు వెళ్ళిన చేతిని సగంలో వెనక్కి లాక్కుంది. కిటికీలు రెండూ బార్లా తెరిచి, పిల్లను చంకన వేసుకుని బయటికి వచ్చి, మెట్ల మలుపు దాకా దిగి అక్కడే కూలబడింది. అప్పుడు వణుకు మొదలైంది. అత్తగారి చేతులు ఇలాగే వణికేవి.

ఆవిడ ఇంట్లో ఉంటే ఈపాటికి కేక వేసేది. నాలుగు నెలలుగా దెప్పడమనుకుని పళ్ళు నూరుకున్న ఆ కేకే ఈ ఇంటిని కాచిందని ఆమెకు ఇప్పుడు తెలిసింది. వంటింట్లోకి రావద్దన్న మనిషి కుర్చీలో కూర్చునే వంటిల్లు కనిపెట్టుకుని ఉంది.

చిట్టి తల్లి మొహంలోకి వంగి చూసింది. "అమ్మా, ఇదీ ఆటేనా? ఈసారి కూడా నేనే గెలిచానా?"

పిల్లను ఒళ్ళోకి లాక్కుని, జుట్టులో ముక్కు పెట్టింది. ఏమీ తెలియలేదు, వెచ్చదనం తప్ప. "ఆట కాదమ్మా. అమ్మకి వాసన తెలియదు. ఇంక ఆ ఆట ఆడం" అంది.

కింద నుంచి బూట్ల చప్పుడు, నవ్వులు. ఆయన నలుగురినీ వెంటబెట్టుకుని పైకి వస్తున్నాడు, చంకలో బ్రెడ్డు సంచి. భార్యను చూసి ఆగాడు. "ఇక్కడ కూర్చున్నావేంటి? సూపు అయిందా?"

"అవలేదండి. పొంగి మంటారిపోయింది. ఇల్లంతా గ్యాసు నిండింది. నాకు తెలియలేదు. నాకు వాసన తెలియక నాలుగు నెలలైంది."

ఆయన అతిథుల వైపు తిరిగి నవ్వబోయాడు. "అదేం మాట! పోయిన ఆదివారం సూపు తిని అద్భుతం అన్నాం కదా? వేళాకోళం ఆడుతోందండీ." తర్వాత వంగి, పళ్ళ మధ్య నుంచి, "అవన్నీ రాత్రి మాట్లాడుకుందాం. ముందు లే. లోపలికెళ్ళి ఏదో ఒకటి చెయ్యి. పరువు తీయకు" అన్నాడు.

మామూలుగా అయితే ఆ గొంతుకు ఆమె ఎప్పుడో లేచేది. మెడ ఊగబోయింది కూడా. ఆమె దాన్ని ఆపింది. భయం పోలేదు, కాకపోతే ఇప్పుడు అది ఆయన మీద భయం కాదు.

"నేను లేవను. మీ ముక్కు బాగానే పనిచేస్తోందిగా, మీరు వెళ్ళండి. గ్యాసు పోయిందో లేదో చూసొచ్చి చెప్పండి. స్విచ్చిలు ముట్టుకోకండి. వచ్చాక గింజలు ఎలా ఉడకబెట్టాలో చెప్తాను. అత్తయ్య రాగానే ఆవిడ కుర్చీ వంటింటి గుమ్మం దగ్గర వేద్దాం."

నలుగురూ చూస్తున్నారు. ఇంక తప్పక ఆయన బ్రెడ్డు సంచి మెట్టు మీద పెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కి, తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగాడు. లోపలికి ఒక కాలు పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఏమీ కాదుగా?" అని అడిగాడు, పదకొండేళ్ళలో మొదటిసారి, తన వంటింటి గురించి తన భార్యను.