ఉపవాసంతో రండి

నాకు తెలుగు బాగా వచ్చని మహా గర్వం. మాదాపూర్‌లోని మా ఫౌండేషన్‌లో ఇంగ్లీషు కాగితాలన్నీ తెలుగు చేసేది నేనే. విరాళాలతో మేం వైద్య పరిశోధనలు చేయిస్తాం, తేలిన సంగతులు జనానికి తెలిసేలా అచ్చు వేయిస్తాం. పోయినేడాది ఐటీ ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లలో షుగర్ ఎంతమందికి ఉందో చూద్దామని రెండు వందల పధ్నాలుగు మందికి రక్తపరీక్షలు పెట్టాం. పిలుపు కాగితంలో మొదట 'పరగడుపున రండి' అని రాశాను. మరీ అమ్మమ్మల మాటలా ఉందనిపించి కొట్టేసి 'ఉపవాసంతో రండి' అని పెట్టాను. ఎంత ముచ్చటగా ఉందో అని మురిసిపోయాను కూడా. నా మొహం!

మా ఫ్లోర్ తుడిచే యాదమ్మకు షుగర్ ఉందని చీటీ వచ్చింది. పాపం, లింగంపల్లిలో వాళ్ల బస్తీ డాక్టరుకు ఆ చీటీ చూపించి గోలీలు రాయించుకుంది. నెల తిరక్కుండానే మా లిఫ్టు ముందు కళ్లు తిరిగి పడిపోయింది. రోగిష్టివాళ్లతో వేగలేనంటూ సూపర్‌వైజరు అప్పటికప్పుడు ఆమెను డ్యూటీ నుంచి తీసేశాడు.

గోలీలకు షుగర్ మరీ పడిపోయిందేమోనని ప్యాంట్రీలో కూర్చోబెట్టి చక్కెర నీళ్లు తాగించాను. తేరుకున్నాక ఎందుకో అనుమానం వచ్చి అడిగాను.

"రక్తం ఇచ్చిన రోజు ఏమైనా తిన్నావా?"

"అయ్యో, లేదు మేడం. ఒక్కపొద్దుంటి."

"నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు కదా?"

"రెండు అరటిపండ్లు, ఇన్ని పాలు, జర చాయ్. అన్నమైతే ముట్టలే."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఉపవాసం అని అంతంత అక్షరాలతో రాస్తే పళ్లు తిని వస్తావా? బుద్ధుందా నీకు?" అని అందరి ముందూ అరిచాను.

"ఉపాసమంటే ఒక్కపొద్దే గద మేడం?" అంది బిక్కమొహం వేసుకుని.

అప్పుడు వెలిగింది నాకు. కూకట్‌పల్లిలో మా అమ్మ ప్రతి శనివారం ఉపవాసమంటూ పళ్లెం నిండా ఉప్మా తిని, పైన కాఫీ తాగుతుంది. ఆవిడను ఆటపట్టించేదాన్ని నేనే! చాయ్ తాగి వచ్చినవాళ్ల రక్తంలో చక్కెర ఎక్కువ కాక ఏమవుతుంది? సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాను.

డాక్టరును అడిగి గోలీలు ఆపించి, వారం తర్వాత పొద్దున్నే పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా రమ్మని మళ్లీ పరీక్ష చేయించాను. యాదమ్మకు షుగరే లేదు.

"మీ పుణ్యం మేడం," అంటూ నా చేతులు పట్టుకుంది. "మా బస్తీల ఇంక పదకొండు మంది గోలీలు మింగుతున్నరు. ఆళ్లకు గూడ మల్ల చెయ్యిండ్రి."

ఇక గుట్టుగా సర్దేయడానికి లేదు. ఆమెను వెంటబెట్టుకుని డైరెక్టర్ రామ్మోహనరావుగారి గదికి వెళ్లాను. జరిగింది చెప్పాను గానీ, తప్పు నాదని చెప్పాల్సి వచ్చేసరికి నీళ్లు నమిలాను. యాదమ్మే అందుకుంది.

"తప్పు మాదే సారూ. మంచిగ రాసిండ్రు, మాకే సమజ్ కాలే. మేడంను ఏమనకుండ్రి."

ఆయన నా వైపు తిరిగారు. "అంతేనా అండి, కిరణ్మయిగారూ?"

"అంతేనండి," అన్నాను.

ఛీ, ఏం బతుకు! పదేళ్ల ఉద్యోగం కళ్ల ముందు కనిపించింది, అంతే, నోరు దానంతట అదే అనేసింది.

అందరికీ మళ్లీ పరీక్షలు జరిగాయి. అక్కర్లేనివాళ్లకు గోలీలు ఆపించారు. యాదమ్మ డ్యూటీలో చేరింది. మూడు నెలలకు నివేదిక అచ్చయి వచ్చింది. దాని కాపీ ఒకటి తీసుకుని ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"మా గురించి ఏం రాసిండ్రో జర చదువుండ్రి మేడం."

చదివాను. 'పాల్గొన్నవారు సూచనలు పాటించనందున మొదటి పరీక్షల ఫలితాలను పక్కన పెట్టడమైనది.'

"నిజమే గద," అని తలూపింది.

నేనిక తట్టుకోలేకపోయాను. "నిజం కాదు యాదమ్మా. ఆ కాగితం రాసింది నేను. తప్పు నాది."

"నాకెరుకే మేడం. కాగితం కింద మీ పేరుండె. మా బిడ్డ కళ్యాణి అప్పుడే చదివి చెప్పింది."

"మరి సారు ముందు ఎందుకలా అన్నావు?"

"నౌకరి పోతే ఎట్లుంటదో చూసిన గద. మీది పోవద్దని గట్లన్న." నివేదిక మడిచి చంకలో పెట్టుకుంది. "సారు అడిగినప్పుడు మీరే కాదంటరనుకున్న మేడం."