ఫహాహీల్‌లో పొగమంచు

శుక్రవారం చేపల పులుసు భోజనాలు కాగానే కువైట్‌లోని ఫహాహీల్‌లో, కోనసీమవాళ్లు కలిసుండే ఆ గదిలో కథ మొదలయ్యేది. చెప్పేది టైపిస్టు వెంకటసత్యనారాయణ. ఆయన గొంతు విప్పితే సముద్రం రోడ్డు మీద బస్సులు హారన్ కొట్టడం మానేసేవి. అబద్ధమైతే నా మీసం గొరిగించండి! చేతిలో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం. విక్టోరియా రాణి ముసలిదైపోయిన రోజుల్లో తాగి, దగ్గి, చిన్న వయసులోనే పోయిన ఒక లండన్ కవి రాసిన కథలవి. ప్రతి కథలోనూ ఒకడు ప్రేమిస్తాడు, నోరు విప్పడు, ఆమె వెళ్లిపోతుంది.

ఆయన చదివి తెలుగులో చెప్తుంటే పుటల్లోంచి లండన్ పొగమంచు లేచి గది నిండేది. బయట తారు కరిగే ఎండ, లోపల అందరికీ దుప్పట్లు. "అప్పడాలు డబ్బాలో పెట్టండ్రా, మెత్తబడిపోతాయి" అనేవాడు సూరిబాబు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

కోనసీమవాళ్ల కథకి ఊఁ కొట్టేవాడు ఉండి తీరాలి. ఆ పని వంట చేసే అబ్బులుది. ఊఁ అన్నప్పుడల్లా ఓ గుక్కెడు మంచు అతని లోపలికి పోయేది.

ఆ శుక్రవారం అబ్బులుకి కాలు నిలవలేదు. ఎదురింట్లో పనిచేసే చంద్రావతిని వెంటబెట్టుకుని, ఆమె 'మామా' అని పిలిచే యజమానురాలి కుటుంబం ఆ మధ్యాహ్నమే లండన్‌కి మకాం మార్చేస్తోంది. ఉండిపో, పెళ్లి చేసుకుందాం అని చెప్పడానికి ఇదే ఆఖరు.

"బాబాయ్, నన్నొదిలెయ్. చంద్రావతి ఎల్లిపోతంది."

"సగంలో ఊఁ కొట్టేవోడు లేత్తే చెప్పినోడి నోరు పడిపోద్దిరా! నా నోరు పడితే కువైట్ మూగదైపోదూ? కూకో."

ఆ పాపం తనకెందుకని అబ్బులు కూర్చున్నాడు. ఊఁ కొట్టాడు. కథ అయిపోగానే మెట్లు దూకుతూ దిగాడు. కారు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. చంద్రావతి తలుపు పట్టుకుని నిలబడింది.

"ఇంతసేపాండీ! ఒక్క మాట అనండి, రానని మామాకి ఇప్పుడే చెప్పేత్తాను."

అబ్బులు నోరు తెరిచాడు. మాటకి బదులు మంచు వచ్చింది, తెల్లగా, ఆ మండుటెండలో. గొంతు సవరించుకుని మళ్లీ తెరిచాడు. మళ్లీ మంచే.

"పోనీ, ఎల్లిపొమ్మంటారా?"

"ఊఁ" అంది గొంతు, తనంతట తానే.

కారులోంచి మామా "యల్లా!" అని తొందరపెడుతూ కేకేసింది.

చంద్రావతి అతని నోటి ముందు అరచెయ్యి పెట్టి చూసింది. "ఇంత చలేత్తందా మీకు?" అంది. లండన్‌లో కప్పుకోమని మామా కొనిచ్చిన ఉన్ని శాలువా ఆమె చేతిమీదుంది. అది విప్పి అతని భుజాల చుట్టూ కప్పి, కారెక్కింది.